గామన్ బ్రిడ్జి అంటాం కదా, ఆ గామన్ ఎవరండీ?

కొవ్వూరు నాన్న:
మాది కొవ్వూరు పక్కన ఊరండి. రాజమండ్రిలో పనుంటే గామన్ బ్రిడ్జి మీంచే వెళ్తాం, ఆటోవాళ్ళ దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరూ అనేది ఆ పేరే. మొన్న మా పాప బండి వెనక కూర్చుని నాన్నా గామన్ అంటే ఏంటి అంది, కట్టిన కంపెనీ పేరమ్మా అన్నాను, మరి కంపెనీకి ఆ పేరెందుకు పెట్టారు అంది, ఇంక నాకు మాట రాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట గురించి అడిగితే కాటన్ దొర కథ గంటసేపు చెప్తాను. ఇది తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

గట్టుమీద ఇంజినీరు:
మంచి ప్రశ్న అడిగిందండి పాప. గామన్ మనిషి పేరే. జాన్ గామన్ అని ఇంగ్లీషు సివిల్ ఇంజినీరు, మన దేశంలో ఆర్‌సీసీ (లోపల ఇనప కడ్డీలు పెట్టి పోసే కాంక్రీటు) ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో దాన్ని నమ్ముకుని బొంబాయిలో పనులు మొదలెట్టాడు, 1922లో కంపెనీ రిజిస్టరయ్యింది. తొలి పని ఏంటో తెలుసాండి, గేట్‌వే ఆఫ్ ఇండియా కింద పైల్ పునాది, అంటే నేలలోకి లోతుగా దించిన స్తంభాల మీద నిలిపే పునాది. 1924 డిసెంబరు 4న దాన్ని ఓపెన్ చేశారు, ఇప్పటికీ దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతాం గానీ సముద్రం ఒడ్డున అంత బరువుని మోస్తున్నది కంటికి కనపడని ఆ పని. పట్నాలో గంగ మీద అయిదున్నర కిలోమీటర్ల గాంధీ సేతు కూడా ఈ కంపెనీ కట్టిందే, 1982లో మొదలైంది రాకపోకలు. మన గామన్ బ్రిడ్జి మొదలైంది 2015లో, పుష్కరాల ఏడాది.

అమలాపురం సైట్:
నేను పైలింగ్‌లో పద్నాలుగేళ్ళుగా ఉన్నానండి, కాలవల మీద చిన్న వంతెనలే ఎక్కువ. పునాది అని ఒక్క మాటలో అనేస్తాం గానీ మన డెల్టా మట్టిలో బోరు తవ్వుతుంటే గోడలు జారిపోతాయి, అందుకే బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన నీళ్ళు నింపి ఉంచుతాం, తర్వాత ట్రెమీ పైపు, అంటే కాంక్రీటు పోసే పొడవాటి గొట్టం, అడుగుదాకా దించి కాంక్రీటు కిందనుంచి పైకి నింపుకుంటూ రావాలి, పైపు మూతి ఎప్పుడూ కాంక్రీటులో మునిగే ఉండాలి, ఒక్కసారి పైకొచ్చిందా మధ్యలో మట్టి దూరి ఆ పైల్ పనికిరాదు. కాంక్రీటు పోయడం మొదలెట్టాక రాత్రి ఎంతయినా ఆపేది లేదు. ఇప్పుడు మిషన్లుండే మాకింత కష్టం, వందేళ్ళ కింద సముద్రం పక్కన ఆయన ఎలా చేయించాడో అనిపిస్తుంది.

పాపకి ఇంకోటి కూడా చెప్పండి, ఎల్ అండ్ టీ అని ఇంకో పెద్ద కట్టడాల కంపెనీ ఉంది కదా, అది కూడా ఇద్దరు మనుషుల పేర్లే. లార్సెన్, టుబ్రో, ఇద్దరూ డెన్మార్క్ ఇంజినీర్లు, సిమెంటు మిషన్ల పని మీద వచ్చి 1938లో బొంబాయిలో సొంతంగా కంపెనీ పెట్టారు. మొదట్లో డెన్మార్క్ నుంచి డెయిరీ మిషన్లు తెప్పించి అమ్మేవారు, 1940లో జర్మనీ వాళ్ళ దేశాన్ని ఆక్రమించుకోగానే సరుకు ఆగిపోయింది, అయినా మూసుకుని వెళ్ళలేదు, ఓడల రిపేర్లు పట్టుకుని నిలబడ్డారు. కట్టడాల పని 1944లో మొదలెట్టారు. లార్సెన్ గారు 2003లో ముంబైలోనే పోయారు.

కొవ్వూరు నాన్న:
ఇద్దరికీ చాలా థాంక్సండి. పాపకి మొత్తం చదివి వినిపించాను, పైపు మూతి పైకొస్తే ఏమవుతుందన్నది రెండుసార్లు చెప్పించుకుంది. ఏట్లో నీళ్ళు తగ్గాయి కదా, ఆదివారం కిందకి ఇసుకలోకి తీసుకెళ్ళి స్తంభాలు దగ్గర్నుంచి చూపిస్తాను.