యాక్షన్ థ్రిల్లర్లలో పోరాటం ఎందుకు అర్థం కాకుండా పోతోంది?

ప్రశ్న

ఇటీవలి హాలీవుడ్ యాక్షన్ థ్రిల్లర్లను ముందు తరం చిత్రాలతో పోల్చి చూసినప్పుడల్లా నాకు ఒకే లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఖర్చు పెరిగింది, పేలుళ్లు పెరిగాయి, కానీ ఎవరు ఎక్కడున్నారో, ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో తెలియడం లేదు. ‘టేకెన్ 3’లో లియామ్ నీసన్ ఒక కంచె దూకడానికి కొద్ది సెకన్లే పడుతుంది, అంతలోనే పదికి పైగా కట్‌లు (ఒక షాట్ నుంచి మరో షాట్‌కు మారడం) పడతాయి. 1988 నాటి ‘డై హార్డ్’ చూసినవారికి మాత్రం కథ జరిగే భవనంలో ఏ అంతస్తు ఎలా ఉందో, కథానాయకుడు ఎటునుంచి ఎటు పాకుతున్నాడో సినిమా ముగిశాక కూడా గుర్తుంటుంది. దీనికి ఎడిటింగ్ వేగం ఒక్కటే కారణమా, ఇంకేమైనా ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1

వేగాన్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015) రెండు గంటల చిత్రం. అందులో సుమారు 2,700 షాట్లు ఉన్నాయి, అంటే ఒక్కో షాట్ సగటున మూడు సెకన్లు కూడా నిలవదు. అయినా ప్రేక్షకుడు దారి తప్పడు. చూడవలసినది దాదాపు ప్రతి షాట్‌లోనూ తెర మధ్యనే ఉండేలా దర్శకుడు జార్జ్ మిల్లర్, ఛాయాగ్రాహకుడు జాన్ సీల్ జాగ్రత్తపడ్డారు కనుక, కట్ పడిన ప్రతిసారీ కన్ను కొత్త చోటును వెతుక్కోవలసిన అవసరం రాదు. ఆ చిత్రానికి మార్గరెట్ సిక్సెల్ అందుకున్న ఎడిటింగ్ ఆస్కార్ పూర్తిగా అర్హమైనది.

అసలు చిక్కు అనుకరణతో మొదలైంది. పాల్ గ్రీన్‌గ్రాస్ డాక్యుమెంటరీల నుంచి వచ్చిన దర్శకుడు. ‘బోర్న్’ గూఢచారి చిత్రాలలో ఆయన వాడిన వణికే కెమెరాకు ఒక ప్రయోజనం ఉంది: గతం మరచిపోయి, వెంటాడేవారికి ఒక్క అడుగు ముందుండే మనిషి కంగారు మనకూ అంటుకోవాలి. 2007లో వచ్చిన ‘ది బోర్న్ అల్టిమేటమ్’ ఎడిటింగ్‌కు ఆస్కార్ రావడంతో పరిశ్రమ ఆ పద్ధతిని పట్టుకుంది, ప్రయోజనాన్ని వదిలేసింది. మరుసటి ఏడాది వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం ‘క్వాంటమ్ ఆఫ్ సోలేస్’కు బోర్న్ చిత్రాల సెకండ్ యూనిట్ (స్టంట్ల వంటివి విడిగా చిత్రీకరించే బృందం) దర్శకుడు డాన్ బ్రాడ్లీనే తీసుకున్నారు, కానీ దాని తొలి కార్ల ఛేజ్‌లో ఏ కారు ఎవరిదో పోల్చుకోవడమే కష్టం. అన్ని పరిస్థితులలోనూ నిబ్బరంగా ఉండే బాండ్‌కు ఆ కంగారు ఎందుకు?

ఇంకో కారణం శిక్షణ. నటుడికి పోరాటం రానప్పుడు, డూప్ ముఖం కనబడకూడనప్పుడు, కట్‌లు ముసుగులా పనిచేస్తాయి. ‘జాన్ విక్’ (2014) దర్శకుడు చాడ్ స్టాహెల్‌స్కీ ఒకప్పుడు ‘ది మ్యాట్రిక్స్’లో కియాను రీవ్స్‌కు డూప్‌గా చేసినవాడు. తన నటుడు నెలల తరబడి సాధన చేశాడు కాబట్టే దూరం నుంచి, కట్ లేకుండా ఎక్కువసేపు చూపించగలిగాడు. సాధనకు డబ్బూ సమయమూ కావాలి. చాలా నిర్మాణ సంస్థలు ఆ రెండింటినీ గ్రాఫిక్స్‌కు కేటాయిస్తున్నాయి.

జవాబు 2

పై వివరణతో ఏకీభవిస్తూనే, ‘జాన్ విక్’ విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. పోరాటం స్పష్టంగా కనిపించడం సగం పని మాత్రమే, దాని ఫలితం శరీరం మీద నిలవాలి. ‘డై హార్డ్’లో పగిలిన గాజు మీద నడిచిన కథానాయకుడు ఆ తరువాత కుంటుతూనే ఉంటాడు, ఆ నొప్పి తరువాతి ప్రతి సన్నివేశాన్నీ బరువెక్కిస్తుంది. ‘జాన్ విక్’ రెండో భాగం నుంచి తూటాలు దిగని సూటు వచ్చింది. నాలుగో భాగంలో (2023) అతడు పారిస్‌లోని పొడవాటి మెట్ల వరుస మీదినుంచి దొర్లి కింద పడి, మళ్లీ లేచి పైకి ఎక్కుతాడు. చిత్రీకరణ అద్భుతమే, కానీ ఈ మనిషి చనిపోతాడేమోనన్న భయం నాకు ఒక్క క్షణం కూడా కలగలేదు. భయం లేనప్పుడు అది థ్రిల్లర్ ఎలా అవుతుంది?

శబ్దం గురించి కూడా చెప్పాలి. దర్శకుడు మైకేల్ మాన్ ‘హీట్’ (1995)లో లాస్ ఏంజెలెస్ వీధిలో జరిగే కాల్పులకు, చిత్రీకరణ వేళ భవనాల మధ్య ప్రతిధ్వనించిన అసలు శబ్దాన్నే వాడుకున్నారు. నటులు తూటాలు అయిపోయినప్పుడు మళ్లీ నింపుకుంటారు, ఒకరు కాలుస్తుండగా మరొకరు కదులుతారు. ఇప్పటి చిత్రాలలో ఆ శబ్దం ఉండవలసిన చోటంతా నేపథ్య సంగీతం ఆక్రమిస్తోంది.

జవాబు 3

తెలుగులో జబ్బు వేరు. ఇక్కడ కట్‌ల కన్నా స్లో మోషన్ ఎక్కువ హాని చేస్తోంది, ఎందుకంటే ఫైట్‌ను కథానాయకుడి గొప్పతనం చాటడానికే కూరుస్తున్నారు, కథ ముందుకు నడవడానికి కాదు. 1989లో ‘శివ’లో సైకిల్ చైన్ తెంపిన సన్నివేశానికి ముందు ఆ కాలేజీ వాతావరణమంతా మనకు పరిచయమై ఉంటుంది కాబట్టే, అంత చిన్న దెబ్బలాట అంత ప్రభావం చూపింది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండవ జవాబు రాసినవారితో ఒక్క విషయంలో విభేదిస్తాను: గాయం గుర్తుండాలన్న నియమం అన్ని చిత్రాలకూ వర్తించదు. జాకీ చాన్ ‘పోలీస్ స్టోరీ’ (1985)లో షాపింగ్ మాల్‌లో దీపాలు చుట్టిన స్తంభం పట్టుకుని కిందికి జారినప్పుడు, ఆ పాత్రకు ఏమవుతుందో అని కాదు, ఆ నటుడికే ఏమవుతుందో అని భయపడతాము. నిజంగానే ఆయన చేతులు కాలాయి. అటువంటి ప్రమాదాన్ని ఏ నటుడినీ కోరకూడదు. అయితే, నటుడు క్షేమంగా ఉంటూనే ప్రేక్షకుడికి ఆ భయం కలిగించిన ఇటీవలి చిత్రాలు ఏవైనా ఉంటే దయచేసి సూచించండి.