మాజీ పోలీసు డిఫెన్స్ లాయర్‌గా పనికొస్తాడా?

వెన్నెల: క్రిమినల్ కేసుకు లాయర్ని వెతికేటప్పుడు "20 ఏళ్లు పోలీసు శాఖలో చేశారు" అని తెలిస్తే చాలామందికి ధైర్యం వస్తుంది. నాకైతే భయమేస్తుంది. ఇన్నాళ్లూ ముద్దాయిల్ని పట్టుకున్న మనిషి ముద్దాయి పక్షాన మనస్ఫూర్తిగా నిలబడగలడా?

రావిచెట్టు: నిలబడగలడు. కొన్నిచోట్ల మిగతావాళ్లకంటే గట్టిగా నిలబడతాడు. మత్తుమందు కేసే తీసుకోండి. సరుకు దొరికినచోట సీలు వేశామంటారు, స్టేషన్ రిజిస్టర్లో ఎక్కించామంటారు, ల్యాబుకు పంపామంటారు. ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి తేదీలు, సీలు గుర్తు, సంతకాలు పోల్చి చూస్తే, మధ్యలో రెండు రోజులు ఆ పొట్లం ఎవరి చేతిలో ఉందో ఎక్కడా రాసి ఉండదు. చట్టం మాత్రమే చదివినవాడు దాన్ని రాతపొరపాటు అనుకుని వదిలేయొచ్చు. రిజిస్టరు స్వయంగా రాసినవాడు వదలడు. ఎంట్రీలు ఆలస్యంగా ఎలా నింపుతారో అతనికి తెలుసు. క్రాస్ ఎగ్జామినేషన్ అక్కడే మొదలుపెడతాడు.

ఇంకో సంగతి. దర్యాప్తులో ముద్దాయికి అనుకూలంగా దొరికినవి తొక్కిపెట్టడం పాత జబ్బే. 1963లో బ్రేడీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ముద్దాయి అడిగాక కూడా అలాంటి కీలక సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ దాచిపెడితే అది న్యాయప్రక్రియకు విరుద్ధమని తేల్చింది. అసలు ఉందని తెలిస్తేనే కదా అడిగేది! ఏ కాగితం ఉండి తీరాలో లోపల పనిచేసినవాడికి తెలుస్తుంది.

శరత్: కాగితాల సంగతి ఒప్పుకుంటాను రావిచెట్టు గారూ. మరి మనసు సంగతి? దర్యాప్తు అధికారికి అనుమానించడమే ఉద్యోగం. క్లయింటు దగ్గరా అదే ధోరణి చూపిస్తే ఆ మనిషి సగం విషయం మింగేస్తాడు.

కొత్తసభ్యుడు: నాకు తెలిసిన ఒక లాయరు "స్టేషన్లో అందరూ మనవాళ్లే" అనేవారు. అది మంచిదే కదండీ?

రావిచెట్టు: కాదండీ, ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. పరిచయాలు అమ్ముకునేవాడు అవి చెడకుండానూ చూసుకుంటాడు. పాత సహోద్యోగి బోనులో తడబడితే, నిలదీయాల్సినచోట మెత్తబడతాడు. జైలుకు పోయేది క్లయింటు. పాత ఉద్యోగం అడ్డొచ్చే సందర్భాల గురించి, అమెరికన్ బార్ అసోసియేషన్ (అక్కడి లాయర్ల సంఘం) లాయర్ల ప్రవర్తనకు రాసిన నమూనా నియమాల్లో 1.11 అనే నియమం ఉంది. మాజీ ప్రభుత్వాధికారి, ఉద్యోగంలో ఉండగా తాను స్వయంగా, గణనీయంగా పాలుపంచుకున్న వ్యవహారంలో, ఆ శాఖ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప లాయర్‌గా దిగకూడదంటుంది.

శరత్ గారు చెప్పిన అనుమానపు అలవాటు నిజమే. అది ప్రాసిక్యూషన్ సాక్షుల మీదికి మళ్లిందా లేదా అన్నది మొదటిసారి కలిసినప్పుడే బయటపడుతుంది. "నిజం చెప్పు, చేశావా?" అని మొదలుపెట్టాడా, "వాళ్ల దగ్గర ఏం సాక్ష్యముంది?" అని మొదలుపెట్టాడా, గమనించండి.

వెన్నెల: అయితే ఎన్నేళ్లు చేశారన్నదాని కంటే ఏ పని చేశారో అడగాలన్నమాట.

రావిచెట్టు: అవును. 20 ఏళ్లు బందోబస్తులో గడిపినవారూ, 5 ఏళ్లు కేసులు దర్యాప్తు చేసినవారూ ఒకటి కాదు. వకాల్తా మీద సంతకం పెట్టేముందు ఇంకొకటి కూడా అడగండి: లాయరయ్యాక ఎన్ని కేసుల్లో దర్యాప్తు అధికారిని తనే క్రాస్ చేశారో.