హెపటైటిస్ బి రకం చూస్తే ఎవరి నుంచి వచ్చిందో తెలుస్తుందా?

కోనసీమ_కుర్రాడు: గల్ఫ్ మెడికల్లో మా అన్నయ్యకి హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చిందండి. అన్‌ఫిట్ అన్నారు, ఏజెంటుకి కట్టిన డబ్బు పోయింది. పోయినేడు చేయిస్తే అప్పుడూ పాజిటివే. ఈ వైరస్‌లో ఎ, బి, సి, డి అని రకాలున్నాయంట, ఒక్కో ప్రాంతంలో ఒక్కోటంట. మన గోదావరి వైపు ఏది? ఆ రకం తేల్చే జీనోటైప్ టెస్టు రేటెంత?

భీమవరం_ల్యాబ్: మన దేశంలో ఎక్కువ డి, ఆ తర్వాత ఎ. సి ఎక్కువగా తూర్పు, ఈశాన్య రాష్ట్రాల్లో కనిపిస్తుంది. చైనా, జపాన్ వైపు బి, సి. పశ్చిమాఫ్రికాలో ఇ. వైరస్ మొత్తం జన్యుక్రమంలో 8 శాతం దాటి తేడా ఉంటే వేరే రకం అంటారు. కానీ ఆ టెస్టుతో మీకు పనేముంది? టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు ఏ రకానికైనా పనిచేస్తాయి. ఇంటర్ఫెరాన్ ఇంజక్షన్లు పెట్టేటప్పుడైతే రకం చూస్తారు. ఎ, బి బాగా లొంగుతాయి, సి, డి అంతగా లొంగవు. ముందు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో), లివర్ టెస్టులు చేయించండి.

తణుకు_తాతారావు: టీకా ఫారిన్ రకంతో చేస్తారు, మన రకానికి పనిచేయదని విన్నాను.

భీమవరం_ల్యాబ్: తప్పండి. జీనోటైపులు రాకముందు వైరస్ పైపొర ప్రోటీన్‌ (యాంటిజెన్) బట్టి ఏడీడబ్ల్యూ, ఏవైడబ్ల్యూ, ఏడీఆర్, ఏవైఆర్ అని విడదీసేవారు. అన్నిట్లోనూ ముందున్న 'ఏ' భాగం ఒకటే, ఇది ఎ జీనోటైప్ కాదు. టీకా రక్షణ ముఖ్యంగా దాని మీదే.

రావులపాలెం_మామ: రకాలూ లేవు, గాడిదగుడ్డూ లేదు. అంతా సూదులే. మా ఊరి ఆర్‌ఎంపీ ఒకే సూదితో వీధి మొత్తానికి పొడిచేవాడు. నాకు అలాగే అంటుకుంది.

కోనసీమ_కుర్రాడు: మామగారూ, మీ సూది సంగతి సరే. ల్యాబ్ గారూ, సి వస్తే బయటి నుంచి వచ్చినట్టే కదా? అది ఒక్కటి చెప్పండి.

భీమవరం_ల్యాబ్: కాదు. ఈ వైరస్‌ని కనిపెట్టిన శాస్త్రవేత్త బ్లంబర్గ్ దాని పైపొర యాంటిజెన్‌ని మొదట చూసింది ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో. తర్వాత చూస్తే లేని దేశం లేదు. రకం చూసి మనిషిని పట్టుకోలేం.

కోనసీమ_కుర్రాడు: సి తూర్పుదని మీరే అన్నారుగా!

పాలకొల్లు_పద్మ: ఇంతకీ ఎవరి మీద పెట్టాలని చూస్తున్నావు తమ్ముడూ?

కోనసీమ_కుర్రాడు: మా వదినది కలకత్తా. పెళ్ళయి మూడేళ్ళు. అంతకుముందు అన్నయ్యకి జ్వరం కూడా ఎరగం. మా అమ్మ ఏడవని రోజు లేదు.

పాలకొల్లు_పద్మ: ఆ అమ్మాయికి టెస్టు చేయించారా?

కోనసీమ_కుర్రాడు: ఇంకా లేదు.

పాలకొల్లు_పద్మ: ఓరి దేవుడా! టెస్టు కూడా లేకుండానే శిక్ష వేసేశారు!

భీమవరం_ల్యాబ్: బెంగాల్లోనూ డి ఉంది, ఎ ఉంది. అన్నయ్యకి డి వస్తే వదినని వదిలేస్తారా? ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి సోకితే నూటికి 95 మందికి దానంతటదే పోతుంది. ఏళ్ళ తరబడి ఉండిపోయేది ఎక్కువగా పసితనంలో సోకిందే. కాన్పులో తల్లి నుంచి వస్తే 90 శాతం మందిలో ఉండిపోతుంది. జ్వరం రాకపోవడం సాక్ష్యం కాదు, చాలామందికి ఏమీ తెలియదు. ముందు మీ అమ్మగారికీ నీకూ చేయించు.

కోనసీమ_కుర్రాడు: మా అమ్మనంటావా? నోరు అదుపులో పెట్టుకో.

భీమవరం_ల్యాబ్: వదినని అనొచ్చు, అమ్మని అడక్కూడదు. అంతేనా?

రావులపాలెం_మామ: ఆర్‌ఎంపీని మాత్రం ఎవడూ అనడు.

పాలకొల్లు_పద్మ: ఇద్దరూ ఆగండి. ప్రభుత్వ పథకం 2018 నుంచి ఉంది, టెస్టూ మందులూ ఉచితం. వదినకి నెగెటివ్ వస్తే టీకా మూడు డోసులు వేయించు. కడుపుతో ఉందా?

కోనసీమ_కుర్రాడు: ఆరో నెల.

పాలకొల్లు_పద్మ: అయితే రేపే తీసుకెళ్ళు. ఆమెకీ ఉంటే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా, ఇమ్యునోగ్లోబులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజక్షన్) పడాలి. కాన్పు ఎక్కడో ఆ డాక్టరుకి ఇప్పుడే చెప్పి ఉంచు.

కోనసీమ_కుర్రాడు: తీసుకెళ్తాను. అమ్మకి మాత్రం నేను చెప్పను. జీనోటైప్ రేటు ఎవరూ చెప్పలేదు.