వీపు మొటిమలకు ఇంటి సున్నిపిండి: వాడాలా, మానాలా?

తిరుచానూరు_అమ్మ:
మా పాపకు పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం, పైన ఈఏపీసెట్ కోచింగ్. పొద్దున బ్యాగు తగిలించుకుని పోతే మళ్లీ రాత్రికే ఇల్లు చేరడం. ఎండలు ముదిరినప్పటి నుంచి వీపు నిండా మొటిమలు. భుజాల మీద, ఛాతీ మీద కూడా వస్తున్నాయి. కొన్ని తగ్గినా నల్ల మచ్చలు మిగులుతున్నాయి. పెళ్లికి జాకెట్టు కుట్టిద్దామంటే వెనక మెడ పైకి పెట్టించమని ఏడుస్తోంది.

మా అత్తగారు ఏటా సున్నిపిండి పట్టిస్తారు. పెసలు, పచ్చిశనగపప్పు, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు, ఎండు వేపాకు వేస్తారు. దాంట్లో నిమ్మరసం పిండి వీపుకు పట్టించి అరగంట ఉంచమంటున్నారు. మందుల షాపాయన బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ తీసుకోమన్నాడు. 'ఆ కెమికల్ ఆడపిల్ల ఒంటికెందుకు' అని అత్తగారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. చర్మాన్ని బాధపెట్టకుండా ఇంట్లో చేసుకునేది ఏదైనా నిజంగా పనిచేస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

చంద్రగిరి_వంటిల్లు:
అమ్మా, మీ అత్తగారు చెప్పింది కొట్టిపారేయొద్దు. మా అవ్వల కాలంలో తలంటు రోజు ఒళ్లంతా నూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది పోసేవాళ్లు. పిండి జిడ్డును లాగేస్తుంది, సబ్బులాగా చర్మాన్ని పీల్చేయదు. అమ్మవారు పోసినప్పుడు వేపాకు నీళ్లే పోస్తాం. కొండ మీద గుండు చేయించుకున్నాక తలకు గంధమే రాస్తాం. గంగమ్మ జాతరలో దొర వేషం కట్టినవాళ్లు ఒంటికి గంధం పూసుకుని మే నెల ఎండలో ఊరంతా తిరుగుతారు.

షాపులో ఇచ్చే ఆ వాష్ సంగతి నాకు తెలుసు. మా చెల్లెలి కొడుకు వాడితే చర్మం మండి పొలుసులు లేచాయి. ఇంట్లో రంగు తువ్వాళ్లన్నీ తెల్ల మరకలు పడ్డాయి. గుడ్డ రంగునే తీసేసేది పిల్ల ఒంటిని ఊరికే వదులుతుందా?

చర్మం_పీజీ:
నేను చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. ముందు తువ్వాలు సంగతి చెబుతాను, ఈ భయం చాలామందికి ఉంది. బెంజాయిల్ పెరాక్సైడ్ గుడ్డలోని రంగును ఆక్సీకరణం చేసి పోగొడుతుంది, నిజమే. చర్మంలోకి వెళ్లాక మాత్రం అది బెంజోయిక్ ఆమ్లంగా మారిపోతుంది, ఒంటి రంగును తీయదు. మంట, పొలుసులు ఎక్కువగా మోతాదు వల్ల వస్తాయి. 2.5 శాతంతో మొదలుపెట్టి, రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగేసి, తెల్ల తువ్వాలు వాడితే చాలామందికి ఇబ్బంది ఉండదు.

ఇక ఆ సున్నిపిండిలో పెసలు, శనగపప్పుతో నాకు పేచీ లేదు. భయపడేది బావంచాలకు, నిమ్మరసానికి. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి అంటి ఉండగా ఎండ తగిలితే కమిలి, బొబ్బలెక్కి, తర్వాత నల్లబడుతుంది. బొల్లి మచ్చలకు రంగు తెప్పించడానికి ఈ గుణాన్నే వాడతారు. నిమ్మజాతి కాయల్లోనూ ఇలా ఎండతో కలిసి చర్మాన్ని కాల్చే పదార్థాలుంటాయి. పైగా నిమ్మరసం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 2 దగ్గర, చర్మానిది 5 దగ్గర. పాప బాధ నల్ల మచ్చల గురించే కదా. మన రంగు చర్మం కాస్త కందినా మచ్చ పడుతుంది. వంటింట్లోది కాబట్టి మెత్తనిది అని అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

చంద్రగిరి_వంటిల్లు:
డాక్టరమ్మా, బావంచాలు బొల్లికి మందని ఆయుర్వేదంలో ఎప్పటి నుంచో ఉంది. శుద్ధి చేసి, వైద్యుడి చేతి మీదుగా వాడతారు. నలుగులో వేసేది పిడికెడు, అదీ స్నానంలోనే కడిగేస్తాం. తరతరాలుగా డబ్బాలో ఉన్న దినుసును ఒక్క మాటతో విషం చేసేస్తే ఎట్లా?

చర్మం_పీజీ:
విషం అనలేదమ్మా. వెంటనే కడిగేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. కానీ ఇక్కడ అడిగింది అరగంట పట్టించి ఉంచడం గురించి, అదీ నిమ్మరసంతో, అప్పటికే కందిన వీపు మీద. పొద్దున అది పెట్టుకుని తొమ్మిదింటికి తిరుపతి ఎండలో బస్టాపులో నిలబడే పిల్ల గురించి నేను మాట్లాడుతున్నాను. మొటిమకు మేలు చేస్తుందని గట్టిగా తేలని దినుసు కోసం అంత ప్రమాదం ఎందుకు? గంధం చల్లగా ఉంటుంది, హాయిగా ఉంటుంది. పూడిన రంధ్రాన్ని మాత్రం తెరవదు.

అలిపిరి_నడక:
పొడులూ వాష్‌లూ తర్వాత, ముందు చెమట సంగతి చూడండి. నేను తరచూ కాలినడకన కొండకు పోతాను. అలిపిరి దారిలో 3550 మెట్లు, పైకి చేరేసరికి చొక్కా పిండితే నీళ్లు కారతాయి. వీపు మీద బ్యాగు అతుక్కుని ఉంటుంది. తర్వాత అదే చొక్కా ఒంటి మీదే ఆరిపోతుంది, దాంతోనే దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్‌లో గంటలు. సరిగ్గా బ్యాగు పట్టీలు ఆనిన చోటే నాకు మొటిమలు లేచేవి. పైకి చేరగానే స్నానం చేసి, పల్చటి నూలు చొక్కా మార్చుకోవడం మొదలుపెట్టాక చాలావరకు తగ్గాయి. పాపను కోచింగ్ నుంచి రాగానే స్నానం చేయమనండి. బ్యాగు వీపుకు కాకుండా చేతికి పట్టుకోమనండి. ఆ బ్యాగును ఉతకండి కూడా, దాన్ని ఎవరూ ఉతకరు.

పాకాల_తోట:
మా వైపు ఎండాకాలం మొటిమ కనిపిస్తే చాలు, 'మామిడిపండు తిన్నావు, వేడి చేసింది' అంటారు. తోటలో పనిచేసేవాళ్లకు కాయ సొన పడితే చర్మం కాలి పుండవుతుంది, అది వేరే సంగతి. పండు తింటే వీపున మొటిమలు వస్తాయా? దామలచెరువు మండీలో ఉండేవాళ్లం సీజనంతా తింటూనే ఉంటాం. పిల్లల నోటి దగ్గర పండు లాగేయకండి.

చర్మం_పీజీ:
ఒక్క పండు మీద నింద వేయనక్కర్లేదన్నా. చక్కెరను గబుక్కున పెంచే తిండికి, జిమ్ కుర్రాళ్లు తాగే వే ప్రోటీన్‌కు మొటిమలతో కొంత సంబంధం ఉందని తెలుస్తోంది. రోజూ కూల్‌డ్రింకులు, బేకరీ తిండి అలవాటుంటే ముందు అవి తగ్గించాలి.

పలమనేరు_కెమిస్ట్రీ:
కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, ఇంట్లో సబ్బులు కాస్తాను. ఇంట్లో చేసుకునేదానికి నేను పూర్తిగా అనుకూలమే. కాకపోతే కొన్ని కచ్చితంగా పాటించాలి.

ఇంటి సబ్బు పీహెచ్ 9కి తగ్గదు. నా సబ్బుల్ని మొటిమలున్న వీపుకు వాడమని ఎవరికీ ఇవ్వను. వంటసోడా కలిపే చిట్కా యూట్యూబ్‌లో తిరుగుతోంది, అదీ క్షారమే, వద్దు.

పిండి ఎలా ఉండాలో చెబుతాను. పొట్టు తీసిన పెసరపప్పును మరలో బాగా మెత్తగా పట్టించి, పల్చటి నూలు గుడ్డలో జల్లించండి. వేళ్ల మధ్య నలిపితే పౌడరులా జారాలి. బియ్యప్పిండి వద్దు, అది గరుకుగా తగులుతుంది. రెండు చెంచాల పెసరపిండికి ఒక చెంచా ఓట్స్ పొడి, నీళ్లు పోసి మజ్జిగంత పల్చగా కలుపుకోండి. తడి వీపు మీద అరచేత్తో పూసి, ఒక నిమిషంలో పోసేయండి. రుద్దకూడదు. మొటిమ అంటే లోపల వాచిన రంధ్రం, పైన మురికి కాదు. రుద్దేకొద్దీ వాపు పెరుగుతుంది.

పొడిగా డబ్బాలో ఉన్నంతవరకే అది నిల్వ ఉంటుంది. నీళ్లు తగిలిన క్షణం నుంచి సూక్ష్మజీవులకు అది తిండే. అందుకే ఏ పూటది ఆ పూట కలుపుకోవాలి. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపలివైపు రాసి రెండు రోజులు చూడండి.

పసుపు కూడా నేను వేయను. కొందరికి పసుపు పడదు, దద్దురు వస్తుంది. బజారు పసుపులో కలిపే రంగుల సంగతి అందరికీ తెలిసిందే.

తిరుచానూరు_అమ్మ:
అందరికీ ధన్యవాదాలు. పాపను కూర్చోబెట్టి అడిగాను. దురద బాగా ఉందట. చూస్తే అన్నీ ఒకే సైజులో, ఆవగింజంత ఉన్నాయి. ఆదివారం తలకు, ఒంటికి కొబ్బరినూనె పెట్టి తలంటు పోసిన తర్వాత ఎక్కువవుతున్నాయి అంటోంది. జడ వీపు మీద పడే చోట మరీ ఎక్కువ. దానివల్ల ఏమైనా తేడా ఉంటుందా?

చర్మం_పీజీ:
చాలా తేడా ఉంటుంది అక్కా, బాగా గమనించారు. చూడకుండా ఇదీ అని చెప్పను. కానీ దురద, అన్నీ ఒకే సైజు, ఛాతీ భుజాలు వీపు, చెమట కాలం, నూనెతో పెరగడం, ఇవన్నీ కలిస్తే మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) వల్ల వచ్చే కురుపులేమోనని అనుమానించాలి. ఆ ఈస్ట్ అందరి చర్మం మీదా ఉంటుంది, నూనెల్లోని కొవ్వు తిని బతుకుతుంది. దానికి కీటోకొనజోల్ లాంటి ఫంగస్ మందు పనిచేస్తుంది. మామూలు మొటిమలనుకుని యాంటీబయాటిక్ మింగితే ఇంకా పెరుగుతుంది. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు.

అందుకే సున్నిపిండా, వాషా అని తేల్చేముందు ఒకసారి చూపించండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీ ఉంది, దగ్గర్లో ఏ చర్మ వైద్యులైనా సరే. షాపులో ఫంగస్‌కని చేతికిచ్చే మూడు మందుల ట్యూబు మాత్రం పూయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దురద రెండు రోజుల్లో పోతుంది, ఆపగానే రెట్టింపై వస్తుంది, స్టెరాయిడ్ వల్ల కొత్త మొటిమలూ లేస్తాయి.

అప్పటిదాకా ఒంటికి నూనె ఆపండి. తలకు పెట్టాలంటే కొంచెం పెట్టి, జడ పైకి ముడి వేయండి. తలస్నానం అయ్యాక వీపు చివర్లో కడుక్కోవాలి, లేకపోతే తల నుంచి జారిన జిడ్డు అక్కడే మిగిలిపోతుంది.

చంద్రగిరి_వంటిల్లు:
నూనె సంగతి నేనూ ఆలోచించలేదు. మా కాలంలో నూనె పెట్టినా గంటసేపు రుద్ది వదిలించేవాళ్లు, ఇప్పటి పిల్లలకు అంత తీరిక ఎక్కడిది. సరే, పిల్ల కోసం పట్టించే పిండిలో బావంచాలు, నిమ్మరసం వద్దు. కానీ వేపాకు వద్దంటే మాత్రం ఒప్పుకోను. కాచిన వేపాకు నీళ్లు చివర్లో పోసుకుంటే దురద తగ్గడం నా కళ్లతో చూశాను. సీసాలో పోసి ఫ్రిజ్‌లో వారం పెట్టుకోవచ్చా, అది చెప్పండి.

పలమనేరు_కెమిస్ట్రీ:
వారం వద్దమ్మా. ఫ్రిజ్ సూక్ష్మజీవుల్ని నిదానం చేస్తుందే తప్ప చంపదు. పొద్దున కాచింది ఆ రోజుకే. పగిలిన మొటిమల మీద నిల్వ కషాయం పోస్తే కొత్త ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నట్టే.

చర్మం_పీజీ:
వేపలో సూక్ష్మజీవుల్ని అణిచే గుణాలు ల్యాబ్ పరీక్షల్లో కనిపించాయి. చల్లార్చి, వడకట్టి, ఒళ్లు మండకపోతే పోసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. దాన్నే వైద్యం అనుకుని నెలలు గడపడం మీదే నా అభ్యంతరం. మొటిమలకు సరైన మందు వాడినా ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. అందులో సగం కాలం తప్పు జబ్బుకు పోతే మిగిలేవి మచ్చలే.

చంద్రగిరి_వంటిల్లు:
చూపించమనే నేనూ అంటాను. కానీ డాక్టరు మందు రాసినా స్నానానికి పిండే మేలు అన్న మాట మీద నేను నిలబడతాను.

తిరుచానూరు_అమ్మ:
సోమవారం కోచింగ్ మాన్పించి ఓపీకి తీసుకెళ్తున్నాను. అత్తగారు కూడా వస్తానన్నారు, సున్నిపిండి డబ్బా చూపించి డాక్టరునే అడుగుతారట. వెళ్లేలోపు వీపుకు ఏమైనా రాయొచ్చా?

చర్మం_పీజీ:
ఏమీ రాయకండి. మామూలు నీళ్లతో రెండు పూటలా స్నానం, వదులు నూలు బట్టలు, చాలు. ఇంతకుముందు పూసిన ట్యూబులుంటే డబ్బాతో పాటు అవీ పట్టుకెళ్లండి.