చలికాలం డిస్కస్ చేపల తొట్టిలో నీళ్లు మార్చడం: డ్రమ్ములో రాడ్డు పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా జయపురం. 200 లీటర్ల డిస్కస్ తొట్టి, 29 డిగ్రీలు. పుష్యమాసం పొద్దున్న మేడమీది ట్యాంకు నీళ్లు 16 దాటవు. 60 లీటర్లు అలాగే పోస్తే తొట్టి 25కి పడిపోతుంది. చేపలు నల్లబడి మూలకు చేరతాయి, తర్వాత తెల్లమచ్చ జబ్బు.

ముందే డ్రమ్ములో 300 వాట్ల హీటరు, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెడితే ఆ 60 లీటర్లు వేడెక్కడానికి మూడు గంటలకు పైనే. గీజరు నీళ్లు కలిపితే త్వరగా అవుతుంది గానీ, చన్నీళ్లు వేడెక్కేసరికి అందులోని గాలి బుడగలై మొప్పలకు ముప్పు. గంటసేపు గాలి కొట్టాల్సిందే.

1000 వాట్ల స్నానాల రాడ్డయితే గంటలోపే అయిపోతుంది. కానీ నికెల్ పూత లేస్తే రాగి నీళ్లలోకి దిగుతుందని నా భయం. స్టీలు రాడ్డు బరంపురంలో గానీ విశాఖలో గానీ దొరుకుతుందా? థర్మోస్టాట్ ప్రోబు (వేడిని కొలిచే తీగ కొస) ఏ లోతున కట్టాలి? వాడినవాళ్లు దయచేసి చెప్పండి.