అప్‌డేట్: రూఫ్ కాంట్రాక్టరు ఇన్సూరెన్స్ కాగితం చాలదట

పోయిన నెల అడిగాను కదా, డాలస్ దగ్గర మా చిన్న షాపుల బిల్డింగుకి రూఫు మార్పిస్తున్నాం, కాంట్రాక్టరు ఒక్క పేజీ సర్టిఫికెట్ పంపాడు, సరిపోతుందా అని. సరిపోదు.

ఆ సర్టిఫికెట్, అంటే ఇన్సూరెన్స్ ఉందని చూపే అకార్డ్ 25 అనే ఫారం, నెత్తినే పెద్దక్షరాల్లో ఉంది: ఇది సమాచారం కోసమే, దీనివల్ల మీకు ఏ హక్కూ రాదు అని. రెండుసార్లు చేతిలో పట్టుకుని కూడా చదవలేదు నేను. కింద ఎడమవైపు గడిలో మా పేరు చూసి మురిసిపోయాను, అంతే! అక్కడ పేరున్నంత మాత్రాన పాలసీలో ఉన్నట్టు కాదు.

మీలో ఇద్దరు చెప్పినట్టే ఏజెంటుకి ఫోన్ చేశా. ఓసీపీ (ఓనర్స్ అండ్ కాంట్రాక్టర్స్ ప్రొటెక్టివ్) పాలసీ అని ఒకటుందట, కాంట్రాక్టరు పని వల్ల ఓనరు మీదకొచ్చే క్లెయిములకు. ప్రీమియం కట్టేది కాంట్రాక్టరు, పాలసీ మాత్రం ఓనరు పేరు మీద. అతని వేరే సైట్ల క్లెయిములు మన లిమిట్‌ని (పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తాన్ని) తినేయవు. కాకపోతే పని ముగిశాక బయటపడే నష్టానికి అది పనికిరాదు. ఆర్నెల్ల తర్వాత రూఫు ఊడి ఎవరి మీదైనా పడితే? నా భయమంతా అదే.

అందుకే కాంట్రాక్టరు సొంత పాలసీలోనే మమ్మల్ని అడిషనల్ ఇన్సూర్డ్‌గా, అంటే ఆ పాలసీ రక్షణ మాకూ వర్తించేలా, చేర్పించా. అందుకు పాలసీకి జతచేసే ఫారాలు ఇవి: పని జరుగుతున్నప్పటికి సీజీ 20 10, అయ్యాక సీజీ 20 37, రెండూ. కాసేపు సణిగాడు, తర్వాత పంపాడు.

ఇంకోటి, టెక్సస్‌లో పనివాళ్లని పెట్టుకునే ప్రైవేటు యజమానులకు వర్కర్స్ కాంప్ (పనిలో దెబ్బతగిలిన వాళ్లకిచ్చే ఇన్సూరెన్స్) తప్పనిసరి కాదు. అదృష్టం, ఇతనికి ఉంది. సోమవారం నిచ్చెనలు దిగుతున్నాయి.