ఊళ్లో గుట్ట భూమి ఎప్పటికీ వెంచర్ కాకుండా చట్టప్రకారం కట్టేయొచ్చా?

హిందూపురం హరి (ప్రశ్న):
అందరికీ నమస్తే. నేను బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటా, సొంతూరు హిందూపురం పక్కన. మా నాయన పేరు మీద 14 ఎకరాలుంది, అందులో ఆరెకరాలు చేను, మిగతాదంతా గుట్ట వాలు, చింతచెట్లు, కానుగలు, సీతాఫలం పొదలు, కింద చిన్న కుంట. తాత కాలం నుంచి ఆ వాలు జోలికి ఎవరూ పోలేదు, నెమళ్లు కుందేళ్లు అన్నీ ఆడనే ఉంటాయి. ఇప్పుడు సమస్య ఏందంటే ఎయిర్‌పోర్ట్ పుణ్యమా అని దేవనహళ్లి దాటి బాగేపల్లి, చిలమత్తూరు దాకా ఫామ్ ప్లాట్ల బోర్డులే, మా పక్క సర్వే నంబరు వాళ్లు అమ్మేసినారు, జేసీబీ పెట్టి చెట్లన్నీ లేపేసి ఎర్రమట్టి రోడ్లు వేసి సెంట్ల లెక్కన అమ్ముతున్నారు. బ్రోకర్లు నాయనకి ఫోన్ మీద ఫోన్.

నాయన అమ్మడు, నేనూ అమ్మను. భయమంతా మా తర్వాత సంగతే. మా అక్క మొగుడు, బావ, అమెరికాలో వర్జీనియాలో ఉంటాడు, అక్కడ కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అని ఒకటుందంట, భూమి మన పేరు మీదే ఉంటుంది, అమ్ముకోవచ్చు పిల్లలకి రాయొచ్చు, కానీ ప్లాట్లు వేసే హక్కు, కట్టే హక్కు మాత్రం ఒక ట్రస్టుకి వదిలేస్తాం, తర్వాత ఎవరు కొన్నా ఆ షరతు భూమితో పాటే పోతుందంట. మన దగ్గర అట్లా కుదురుతుందా? లేకపోతే విల్లులో అమ్మకూడదు అని రాస్తే చాలా? రిజిస్ట్రార్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటర్‌ని అడిగితే పిల్లల నోట్లో మట్టి కొడతారా సార్ అన్నాడు.

కదిరి కుర్రోడు:
ఫాలోయింగ్. మాదీ ఇదే కథ బ్రో.

జయనగర్ లాయరక్క:
తమ్ముడూ, సివిల్ ప్రాక్టీసు నాది, దారి తగాదాలు కాలవ తగాదాలే నా అన్నం, కాబట్టి చెప్తా. ముందు విల్లు సంగతి. భూమి పూర్తి హక్కుతో ఇచ్చి, మళ్లీ అసలు అమ్మనే కూడదు అంటే ఆ షరతు చెల్లదు. ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ సూత్రం అదే, విల్లులకీ కోర్టులు అట్లాగే చూస్తాయి. మీ అబ్బాయి మరుసటి రోజే అమ్మినా ఎవరూ ఏం చేయలేరు.

ఇక ఈజ్‌మెంట్. మన చట్టం 1882 నాటిది. దాని 4వ సెక్షన్ ప్రకారం ఈజ్‌మెంట్ అంటే నా భూమిని నేను బాగా అనుభవించడానికి పక్కోడి భూమి మీద నాకుండే హక్కు. అంటే రెండు భూములు కావాలి, లాభం పొందేది ఒకటి, బరువు మోసేది ఒకటి. నీ గుట్ట చుట్టుపక్కల సెంటు కూడా లేని ట్రస్టు కోరమంగళలో కూర్చుని ఇక్కడ కట్టొద్దనే హక్కు మాది అంటే చట్టంలో దానికి చోటు లేదు, అక్కడే మన కథ ఆగిపోతుంది.

కానీ దారి లేకపోలేదు. అదే సెక్షన్ వివరణలో లాభం అంటే దూరపు ప్రయోజనం, వట్టి ఆహ్లాదం కూడా వస్తుందని ఉంది, 1882లో రాసినోళ్లు భలే రాశారు. సో నువ్వు ఏం చేస్తావంటే కుంట పక్కన కొంచెం, ఒక పాతిక సెంట్లనుకో, పబ్లిక్ ట్రస్టుకి గిఫ్ట్ రాసేయ్. మిగతా వాలు మీ పేరుతోనే ఉంచుకుని, దాని మీద ఆ ట్రస్టు భూమి కోసం షరతు రాయండి, చెట్లు కొట్టం, మట్టి తవ్వం, లేఅవుట్ వేయం అని. అప్పుడు రెండు భూములు అయ్యాయి కదా. ఇట్లా చెయ్యొద్దు అనే షరతు సంగతి తెలిసి కొన్నవాడిని, ఊరికే పుచ్చుకున్నవాడిని ఆస్తి బదిలీ చట్టం 40వ సెక్షన్ కట్టేస్తుంది. రిజిస్టర్ చేయిస్తే ఈసీలో, అంటే భూమి మీద ఏమేం రిజిస్టర్ అయ్యాయో చూపించే సర్టిఫికెట్‌లో, కనపడుతుంది, ఇక నాకు తెలీదండీ అనడానికుండదు. అదే చెయ్యాలి అనే షరతు, అంటే కుంట పూడిక తీయించాలి లాంటిది, ఇట్లా కొత్త యజమానికి అంటుకోదు, దానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి.

ఒక చిల్లు ఉంది జాగ్రత్త. రెండు ముక్కలూ ఒకడి చేతికే పూర్తిగా పోతే ఈజ్‌మెంట్ అక్కడికి అయిపోయినట్టే, ఈజ్‌మెంట్ చట్టం 46వ సెక్షన్. ట్రస్టు ఒప్పుకుని వదిలేసుకున్నా పోతుంది. అందుకే ఆ పాతిక సెంట్లు మీ అక్క పేరు మీద పెట్టొద్దు, ట్రస్టు పేరు మీదే ఉండాలి, ట్రస్టీలు అందరూ మీ ఇంటోళ్లే ఉండకూడదు.

ఇంతకీ తాత కాలం నుంచి అన్నావు, అది పిత్రార్జితమా నాయన స్వార్జితమా? పిత్రార్జితమైతే నాయన ఒక్కడి సంతకం చాలదు, హిందూ వారసత్వ చట్టం 2005 సవరణ తర్వాత అక్కకీ నీతో సమాన వాటా.

రిచ్‌మండ్ రాజు:
మీ బావ ఉండే స్టేట్‌లోనే ఉంటా హరీ. లాయర్ గారు చెప్పిన పక్క భూమి సమస్య ఇక్కడ పాత చట్టంలోనూ ఉండేది, అందుకనే 1981లో యూనిఫాం కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ యాక్ట్ అని ఒక నమూనా చట్టం తయారుచేశారు, పక్కన భూమి లేకపోయినా ట్రస్టు ఈ హక్కు పట్టుకోవచ్చు అని. చాలా స్టేట్లు దాన్నో, అలాంటిదాన్నో పెట్టుకున్నాయి.

కానీ అందరూ ప్రకృతి ప్రేమతోనే రాస్తారనుకోకు. ఈజ్‌మెంట్ ముందు విలువ, తర్వాత విలువ లెక్కకట్టి ఆ తేడాని దానం కింద ఇన్‌కమ్ ట్యాక్స్‌లో తగ్గించుకుంటారు, ఏడాది ఆదాయంలో 50 శాతం దాకా, మిగిలింది 15 ఏళ్లు ముందుకి తీసుకెళ్లొచ్చు, రైతు అయితే 100 శాతం. పిల్లలకి ఎస్టేట్ ట్యాక్స్, అంటే చనిపోయినవాళ్ల ఆస్తి మీద పడే పన్ను, కూడా తగ్గుతుంది. ఈ లెక్కలో మోసాలూ జరిగాయి, పదిమంది ఇన్వెస్టర్లు కలిసి చవగ్గా భూమి కొని, విలువ ఎక్కడికో పెంచేసి దానం చూపించేవాళ్లు, 2022లో చట్టం మార్చి పెట్టుబడికి రెండున్నర రెట్లు దాటితే తగ్గింపు లేదు పొమ్మన్నారు.

మరి మన దగ్గర ఏముంది ఆశ పెట్టడానికి? వ్యవసాయ ఆదాయం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, అలాంటి పన్నే ఎస్టేట్ డ్యూటీ, దాన్ని 1985లోనే ఎత్తేశారు, దానాలకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో డబ్బు ఇస్తేనే తగ్గింపు, భూమి ఇస్తే రాదు. నువ్వు వదులుకునేది మొత్తం నీ జేబులోంచే. డాక్యుమెంట్ రైటర్ తప్పేం అనలేదు పాపం.

ఇక్కడ నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. మొదటి రోజే భూమి ఎలా ఉందో మ్యాపు, ఫొటోలు, చెట్ల వివరాలతో రిపోర్టు తయారుచేసి సంతకాలు పెట్టిస్తారు, తర్వాత ట్రస్టు మనిషి ఏటా వచ్చి దానితో పోల్చి చూస్తాడు. ఆ వచ్చే మనిషి లేకపోతే ఎంత గట్టి కాగితమైనా బీరువాలోనే.

సర్జాపూర్ సుబ్బు:
అందరూ ఒకటి వదిలేస్తున్నారు. గవర్నమెంటుకి కావాలంటే 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటుంది, నీ ట్రస్టు నీ షరతు ఏదీ ఆపదు. రెండోది, గుట్ట వాలు అన్నావు, అది నిజంగా సొంత పట్టాయేనా, లేక డీకేటీనా, అంటే గవర్నమెంటు పేదలకి అసైన్ చేసిన భూమా? మన సైడు వాలు భూములు సగం డీకేటీలే. అయితే అది 1977 అసైన్డ్ చట్టం కిందికి పోతుంది, గిఫ్టూ గిఫ్టూ అని నేరుగా రిజిస్ట్రార్ దగ్గరికి పోతే కుదరకపోవచ్చు. ముందు వన్‌బీ (భూమి ఎవరిది, ఏ రకం అని చెప్పే రెవెన్యూ రికార్డు) తీసి చూడు గురూ. ఇంకో మాట, కోపం తెచ్చుకోకు, మనం పోయాక కూడా పిల్లల మీద పెత్తనం చేయాలా? రేపు వాళ్లకి ఆస్పత్రి ఖర్చొస్తే?

చిత్రావతి:
సుబ్బు గారూ, పెత్తనం అంటే జేసీబీది కూడా పెత్తనమే కదండీ, అది ఒకసారి చేస్తే ఎవరి పిల్లలూ వెనక్కి తేలేరు.

హరి గారూ, మీకు దగ్గర్లోనే వీరాపురం ఉంది, చిలమత్తూరు మండలం. ఊరి మధ్య చింతచెట్ల మీదే ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి, ఇళ్ల మీద రెట్ట, చేపల కంపు, అయినా పురిటికి వచ్చిన ఆడబిడ్డల్ని చూసినట్టు చూస్తారు. ఒక్క కాగితం లేకుండా నడిచిన రక్షణ అది. బెంగళూరు నుంచి మైసూరు రోడ్లో మద్దూరు దగ్గర కొక్కరె బెళ్లూరూ అంతే, కాకపోతే అక్కడ కమ్యూనిటీ రిజర్వ్ అని ప్రకటించారు, పక్షుల వల్ల చింతపండు నష్టపోయే చెట్ల యజమానులకి పరిహారం కూడా ఇస్తూ వచ్చారు.

ఈ కమ్యూనిటీ రిజర్వ్ మీకూ పనికొస్తుంది. వన్యప్రాణి చట్టంలో 36సీ సెక్షన్, 2002 సవరణలో వచ్చింది, సొంత భూమి ఉన్న ఒక్క మనిషి కూడా స్వచ్ఛందంగా ముందుకి రావొచ్చు. ప్రకటించాక కమిటీ తీర్మానం, దాని మీద రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం లేకుండా భూమి వాడకం మార్చడానికి లేదు. 2022 సవరణ తర్వాత ప్రైవేటు భూమి అయితే ఆ కమిటీలో యజమాని, ఫారెస్ట్ వాళ్ల ప్రతినిధి, పంచాయతీ ప్రతినిధి ఉంటారు. అమెరికా ఈజ్‌మెంట్‌కి మన చట్టంలో బాగా దగ్గరున్నది ఇదేనని నా లెక్క. కాకపోతే ఫారెస్ట్ వాళ్లు ఒకసారి లోపలికి వచ్చాక సీతాఫలాలు కోసుకోవడానికి కూడా వాళ్ల మొహం చూడాలేమో అని ఊళ్లో భయపడతారు, అది ముందే మాట్లాడుకోవాలి.

హిందూపురం హరి:
అందరికీ థాంక్స్, నిన్న నాయనతో వన్‌బీ తీయించినా. సుబ్బన్న నోరు మంచిది కాదు, వాలులో రెండెకరాలు డీకేటీనే అంట, నాకు ఇన్నాళ్లు తెలీదు. మిగతా ఆరు పట్టా, పిత్రార్జితమే. అక్క సంతకానికి సరే అంది, కానీ బావ రిటైరయ్యాక అక్కడ చిన్న ఇల్లు కట్టుకుంటాడంట, దానికి చోటు వదలమంటున్నాడు. అట్లా వదిలితే మొత్తం వీగిపోతుందా లాయరక్కా?

జయనగర్ లాయరక్క:
వీగిపోదు, ఇప్పుడే రాసుకుంటే. రాజు గారి దేశంలో కూడా ఇంటికి ఇంత చోటని ముందే గీసి వదులుతారు. కింద రోడ్డు వైపు పది సెంట్లు, ఒకటే ఇల్లు, ఎత్తు ఇంత, బోరు ఒకటి అని సర్వేయర్ స్కెచ్‌లో రంగు వేసి దస్తావేజుకి జత చెయ్యి, మాటల్లో మాత్రం వదలొద్దు. డీకేటీ రెండెకరాలు ఇందులో కలపకు, దాని సంగతి విడిగా తహసీల్దార్ ఆఫీసులో కనుక్కో. అక్క అమెరికాలోనే ఉంటే సంతకం కోసం రావక్కర్లేదు, కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపమను, అది ఇక్కడికొచ్చిన మూడు నెలల్లోపు స్టాంప్ చేయించుకోవాలి, మర్చిపోకండి.